ఆ పైపు కోయమన్న మేడం

మొన్న పొద్దున ఛత్రినాక నుంచి ఫోన్. మా మేడం పోయారని. గుండె ఆగిందట. 

పాలిటెక్నిక్‌లో మాకు లోహాల పరీక్షలు నేర్పింది ఆమే. పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో స్టీలు ముక్కలు ముంచి, యంత్రానికున్న పెద్ద సుత్తితో కొట్టించేవారు. ఒక రకం వంగేది. ఇంకో రకం బిస్కెట్‌లా విరిగేది. "రెండూ స్టెయిన్‌లెస్సే బిడ్డా. చలిల పెడితెనే దాని గుణం తెలుస్తది" అనేవారు. చేతి తొడుగు లేకుండా ఎవరైనా దగ్గరికొస్తే వేళ్లు పట్టుకుని వెనక్కి లాగేవారు.

కరోనాలో ఆక్సిజన్ కోసం ఊరంతా ఏడ్చిన ఆ ఎండాకాలం, మా అమ్మా మేడం భర్తా ఒక చిన్న ఆసుపత్రిలో ఒకే వార్డులో ఉన్నారు. వెనక ఆవరణలో ద్రవ ఆక్సిజన్ ట్యాంకు కొత్తగా దింపి, పైపు బిగిస్తున్నారు. బెంచీ మీదున్న మేడం లేచి వెళ్లి, ఫిట్టర్ దగ్గర అయస్కాంతం అడిగి ఆ పైపుకు ఆనించారు. అతుక్కుంది. ల్యాబులో బిస్కెట్‌లా విరిగింది ఆ అతుక్కునే రకమే.

"గిది వద్దు. తీసెయ్యి."

"ఇది గూడ స్టెయిన్‌లెస్సే మేడం," అన్నాడు ఫిట్టర్.

"స్టెయిన్‌లెస్సే. గని గంత చలికి పెళుసైతది. పగిలి ఆక్సిజన్ చిమ్మి నిప్పంటుకుంటె, వార్డే ఉండది."

"సిలిండర్లు అయిపోతున్నయ్. మీ సార్ లోపలనే ఉన్నడు గదా!"

"ఉన్నడు." ఆమె రంపం తీసి అతని చేతిలో పెట్టారు. "కోసెయ్యి భాయ్. నీ కాళ్లు మొక్కుత."

సరైన పైపు కోసం బండి మీద తిరిగాను. మూసిన షట్టర్లు బాదాను. ఎలాగో దొరికింది. తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. వార్డుకు ఆక్సిజన్ అందింది, మా అమ్మ ఊపిరి నిలబడింది. సార్ అంతకు కాసేపటి ముందే కన్నుమూశారు.

కొన్నాళ్లకు, ఆరోజు కోసేసిన పైపు ముక్కను మేడం ల్యాబుకు తెచ్చి నన్ను పిలిచారు. ద్రవ నైట్రోజన్‌లో ముంచి సుత్తి వదిలారు. టక్కున రెండైంది.

"చూసినవా, పగిలింది," అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే తల పట్టుకుని కూర్చున్నారు. "సుత్తి కొడితె పగిలింది. ఆడ సుత్తి ఎవరు కొడుతరు? గా పైపు ఒక్క గంట ఆగేదేమో గదరా. ఆయనకు గా గంటనే కావాలె."

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అదే అడిగేవారు. మా ఇంట్లో మనిషిని దక్కించిన ఆమెకు ఒక్క జవాబు ఇవ్వలేకపోయాను.

ఫోన్ రాగానే అమ్మను తీసుకుని ఛత్రినాకలో మేడం ఇంటికి వెళ్లాను. మెట్ల దగ్గర చెయ్యి అందిస్తే వద్దంది. ఒక్కతే ఎక్కి, మేడం పాదాల దగ్గర కూర్చుంది. ఆ గదిలో చాలాసేపు మా అమ్మ రొప్పు ఒక్కటే వినిపించింది.