చివరి వరుస

ఆఫీసులో అందరూ ఆమెను క్యాలెండరక్క అంటారు. ఆసుపత్రి వెబ్‌సైటులో తేదీ ఎంచుకునే పెట్టె ఏ బ్రౌజర్‌లో వంకరపోయినా సరిచేసేది ఆమే. చున్నీ కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, బియ్యంలో రాళ్లేరుతున్నట్టు ఒక్కో గడినీ వెతుకుతుంది. ఈవేళ ఫిర్యాదు పాత బ్రౌజర్‌ది. నెల ఆరు వరుసలకు సాగితే చివరి వరుస కనబడటం లేదు. ముప్పై, ముప్పై ఒకటి మాయం. ఈ ముప్పై ఒకటికి ఆమె తమ్ముడు పోయి ఏడాది నిండుతుంది. ఆ రోజు లేని నెలను చూస్తూ ఆమె అలాగే కూర్చుంది. టీ చల్లారిపోయింది.

"ఏం క్యాలెండరక్కా, నెలాఖరును మింగేశావా? జనం ఒకటే ఫోన్లు!" అన్నాడు పక్క సీటతను.

"ఉండరా బాబూ, చేస్తున్నా."

పెట్టె ఎత్తు పెంచితే చాలునని ఆమెకు పొద్దుటే తెలుసు. వేళ్లే కదల్లేదు. మళ్లీ ఫోను మోగింది. ఎవరో తల్లి, బిడ్డను చూపించడానికి ముప్పై ఒకటే కావాలంటోంది. క్యాలెండరక్క పెట్టె ఎత్తులో ఒక్క అంకె మార్చింది. అడుగున వరుస దిగింది.

"వచ్చిందా అక్కా?"

"వచ్చింది. రాకుండా ఎక్కడికి పోతుంది?" అని ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేసింది.