ఎస్తేరవ్వ చర్చికి తోలుకొచ్చిన బర్రె

ఆత్మకూరు బస్టాండు పక్కన టీ అంగట్లో నిలబడి ఫోన్లో రిజల్టు చూసుకున్నాను. పాస్! మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. ఎగిరి గంతేసే లోపల అంగడాయన పాలగిన్నె మూత తీసినాడు. చిక్కటి బర్రెపాల వాసన గుప్పుమనింది. అంతే, ఆ గంతు అక్కడే ఆగిపోయింది. ఈ కబురు మొదట వినాల్సిన మనిషి ఇప్పుడు లేదు. పోయినేడు ఉదయగిరిలో, కొండ కింద, మా చర్చి వెనకాల మట్టిలో పెట్టినాము. మీరెవురూ ఆమెని చూసుండరు. చెప్తా వినండి.

ఎస్తేరవ్వ మా పక్కింటామె. చుట్టం కాదు, అయినా నాకు అవ్వే. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు, ఉండేదల్లా ఒక పాడిబర్రె. ఊళ్లో ఆమెకి పెట్టిన పేరు పిసినారి ఎస్తేరు. ఆరాధన అయిపోయి జనం ఇంకా చెప్పులేసుకుంటుండంగానే ఫ్యాన్లు ఆపేసేది. పెళ్లి విందులో అన్నం వదిలేసినోళ్ల పక్కన నిలబడి, "ఏం నాయనా, ఇది ఎవురికి పెట్టి పోతా ఉండావు?" అని అడిగేది. మా వీధి కుళాయి చుక్క కారితే చాలు, ఇంట్లోంచే నా మీద అరుపు: "ఏమే కెజియా! ఆ నీళ్లు మీ నాయన చెక్కినాడా?" మా నాయన చెక్క గరిటెలు చెక్కుతాడు. ఆ మాటకి ఆయన కూడా ఉలి పక్కన పెట్టి నవ్వేవాడు.

నేను ఇంటర్ పాసైన ఏడు వానల్లేవు, గరిటెలకి గిరాకీ లేదు. "చదివింది చాల్లే పాపా, నాతో కూచోని గరిటెలు నునుపు చెయ్యి" అనేసినాడు నాయన. ఇంట్లోనే ఉండిపోయినాను. అప్పుడు మా పాస్టరయ్య ఒక మాట చెప్పినాడు, ఈసారి కోతల పండగ వేలంలో వచ్చిందంతా ఇంటర్ పాసైన మన ఆడపిల్లల్ని కాలేజీలో చేర్చేదానికే అని. కోతల పండగకి ఎవురి పంటలో మొదటిది వాళ్లు చర్చికి తెస్తారు. గుమ్మడికాయో, నువ్వులో, కోడో. ఆరాధన అయినాక బయట వాటికి వేలం పాట పెడతారు. దాంట్లో ఒక మర్యాద ఉండాది. కోడిని పాడుకున్నాయన దుడ్లు కట్టి, కోడిని మళ్లీ తెచ్చినోళ్లకే ఇచ్చేస్తాడు. ఆ ఏడు మాత్రం వాడిపోయిన సొరకాయలు, బక్క కోళ్లు. వాటిని చూసి, నా కాలేజీ అయిపోయింది అనుకున్నాను.

జనం ఉన్నట్టుండి పక్కకి జరిగినారు. పలుపు పట్టుకోని ఎస్తేరవ్వ, వెనకాల బర్రె. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. "పిసినారి ముసల్దానికి మతి పోయిందిరా!" అన్నాడొకడు. పాస్టరయ్య పరిగెత్తుకొచ్చినాడు.

"అమ్మా, ఒక చెంబు పాలు చాలమ్మా. నీకు తిండి పెట్టేది ఇదే కదా!"

"ఇదా అయ్యా? పోయిన ఆదివారం ప్రసంగంలో తిండి పెట్టేది దేవుడని చెప్పినావే!"

జనం గొల్లున నవ్వినారు. అవ్వ నవ్వలేదు. "నాదైతే దాచుకుందును. అంతా దేవునిది, మనం ఏందో గృహనిర్వాహకులు అన్నావు, అంత మాట నాకు నోరు తిరగదు. నేను మేపేదాన్ని. యజమాని అడిగితే పలుపు ఇచ్చేయాల, అంతే."

మర్రిపాడు నుంచి వచ్చిన గొర్రెలాయన ఒకడు పాట గెలిచినాడు. మా మర్యాద ఎవురో చెవిలో చెప్పినట్టున్నారు, పలుపు మళ్లీ ఆమెకే చాపినాడు. అవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"నేను తీసుకుంటే ఇచ్చింది నువ్వవతావు నాయనా. నా కానుక కూడా నువ్వే ఎత్తుకుపోతావా?"

ఆయన పలుపు తన చేతికే చుట్టుకున్నాడు. బర్రెని తోలుకోని పోతా ఉంటే అది మలుపు దాకా అరిచింది.

మర్నాడు పోతే పాలు లేని డికాషన్ తాగతా ఉండాది. ఏడుపొచ్చేసింది. "నా కోసం బర్రెనే ఇచ్చేసినావే అవ్వా. నేను ఫెయిలైతే?"

"నీ కోసమా? నీ మొహం! నీ కోసమైతే నీ పరీక్షలప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. దేవునికిచ్చినాను. ఇంక నువ్వూ ఆయనా చూసుకోండి."

"మరి చుక్క నీళ్లకి అంత అరుస్తావే?"

"చిల్లికుండలోంచి ఎవురికి పోస్తావే నీళ్లు? పో, పోయి చదువుకో. పోతా ఆ లైటు ఆపేసి పో."

చివరిదాకా డికాషనే తాగింది. నా మార్కులు ఎంతని ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే బాగుండని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇంకో కబురు. పరీక్షలు అయినప్పటినుంచి ఇక్కడే ఒక బట్టల అంగట్లో పని చేస్తా ఉండాను. చిన్న గది తీసుకున్నాను. పుట్టినాక మొదటిసారి నాకంటూ ఒక తలుపు, ఒక గడియ. ఆ గడియ వేసుకునే సంబరం మీకెట్ట చెప్పేది! ఇంతలో కలువాయి పిల్ల ఒకతి, హాస్టల్లో చోటు దొరక్క, చదువు మానేసి పోతానని ఏడస్తా కనపడింది. ఒక రోజంతా నాలో నేను కొట్లాడుకున్నాను. ఆనక రమ్మన్నాను. గది నాదైతే కదా దాచుకునేదానికి.

టీ తాగేసి, రిజల్టు చెప్దామని గదికి పరిగెత్తినాను. తలుపు తీస్తే కుళాయి ధారగా పోతా ఉండాది, ఆ పిల్ల ఫోన్లో నవ్వతా ఉండాది.

"ఏమే! ఆ నీళ్లు మీ నాయన చెక్కినాడా?"

ఆ పిల్ల బిత్తరపోయింది. వాళ్ల నాయన లారీ తోలతాడు. నేను ఇంకా బిత్తరపోయినాను, ఆ గొంతు నాది కాదు. ముందు కుళాయి కట్టేసినాను. అప్పుడు చెప్పినాను, పాసైనానని.