లీటరుకు ఇరవై రెండు

కాశీరావు తాతముత్తాతలది బందరు దగ్గర చేపల వేట. అతను మాత్రం వల వదిలి స్టీరింగు పట్టాడు. కాశీరావు బండి నడిపితే గ్లాసులో నీళ్లు తొణకవని కంకిపాడులో చెప్పుకునేవారు. ఆ మాట తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

ధాన్యం వ్యాపారంలో గడించిన రత్తయ్యగారి దగ్గర పని. కొత్త డీజిలు కారు లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ కాగితంలో ఉంది. కాశీరావు చేతిలో పద్నాలుగు దాటలేదు. ఎలా దాటుతుంది? బెంజి సర్కిల్ ట్రాఫిక్కులో బండి పాకాలి. ఆటోనగర్‌లో అయ్యగారు కబుర్లు చెప్పుకున్నంతసేపూ ఇంజనూ ఏసీ ఆడుతూనే ఉండాలి. అమ్మగారు వెంకటరత్నమ్మ పుట్టింటికి బయలుదేరితే డిక్కీ నిండా బియ్యం బస్తాలు. కంపెనీవాళ్లు కారును గదిలో రోలర్ల మీద, ఏసీ లేకుండా పరుగెత్తించి రాసుకున్న లెక్క అది. చెప్పినా వినే చెవులా రత్తయ్యగారివి?

"బండిలో డీజిలు తాగే దెయ్యం ఏమన్నా ఉందేంట్రా కాశీ?" అన్నారు నలుగురి ముందు.

కాశీరావు మొహం మాడిపోయింది. "ట్యాంకు ఫుల్లు కొట్టించండయ్యగారూ. మీరే పక్కన కూర్చోండి. బందరు దాకా వెళ్లొచ్చి మళ్లీ ఫుల్లు కొట్టిద్దాం. నేను దొంగనో కాదో మీకే తెలుస్తది."

అక్కడే కొంప ముంచుకున్నాడు. తెలివైనవాడైతే బస్తాలు వేసుకుని, ఏసీ పెట్టి, రోజూ నడిపినట్టే నడిపేవాడు. మనవాడికి పరీక్షంటే పనితనం చూపించడం. డిక్కీ ఖాళీ చేశాడు, టైర్లలో గాలి చూసుకున్నాడు. పొద్దున్నే చల్లగా ఉంది, ఏసీ అక్కర్లేకపోయింది. ఖాళీ హైవే మీద పసిబిడ్డను జోకొట్టినట్టు కాలు ఆనించి నడిపాడు. జన్మలో అంత బాగా నడపలేదు. అయ్యగారు మెచ్చుకుంటారని లోపల్లోపల మురిసిపోయాడు కూడా, పిచ్చిమాలోకం.

బంకులో మళ్లీ ఫుల్లు కొట్టించి లెక్క చూస్తే లీటరుకు ఇరవై ఒకటి వచ్చింది.

రత్తయ్యగారు నవ్వారు. "నా కళ్ల ముందు పోయిస్తే ఇరవై ఒకటి. నిన్ను పంపిస్తే పద్నాలుగు. ఇంకేం కావాలిరా? తాళాలు ఇటివ్వు."

కాశీరావు ట్రాఫిక్కన్నాడు, బస్తాలన్నాడు, ఏసీ అన్నాడు. అన్నీ నిజాలే. దొంగ అనే ముద్ర పడ్డాక నిజం చెప్పినా సాకులాగే వినిపిస్తుంది. మధ్యాహ్నానికల్లా కబురు టాక్సీ స్టాండంతా పాకిపోయింది. మైలవరం దాకా తిరిగినా ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు.

తిరిగి తిరిగి ఇంటికొచ్చిన రోజున భార్య పేరమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా మొదటినుంచీ చెప్పాడు. ఊరు ఏమనుకున్నా ఈమె నమ్మితే చాలనుకున్నాడు.

పేరమ్మ చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"తీస్తే తీశావులేవయ్యా," అంది. "ఇన్నాళ్లూ ఆ డబ్బులు ఎవత్తికి పెట్టావో అది చెప్పు."