ఉస్తాద్ అరచెయ్యి

మా ఉస్తాద్ పోయి నేటికి పన్నెండు రోజులు. ఫోన్ వచ్చినప్పుడు నేను దుమ్ముగూడెం రోడ్డు మీద ఆగిపోయిన ట్రాలీ ఆటో కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను. చేసింది ఆయన భార్య. ఆయన మెకానిక్ షెడ్డులో పనిచేసిన వాళ్లందరం ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "బిడ్డా, మీ ఉస్తాద్ పోయిండు. జల్దీ రా" అంది. చేతిలో ఉన్న బోల్టు బిగించాకే లేచాను. పని మధ్యలో వదిలేస్తే ఆయన చచ్చి కూడా తిడతారని నా భయం.

మీలో ఎవరైనా ఖమ్మంలో ఆయన షెడ్డుకు బండి తెచ్చి ఉంటే ఆయన నోరు మీకు తెలిసే ఉంటుంది. మెత్తని మనిషని రాయలేను. పని నేర్పడంలో కసాయి. నడుస్తున్న ఇంజిన్ మీద నా అరచెయ్యి పెట్టించి, కళ్లు మూయించి, "ఏ సిలిండర్ కొడతలేదో చెప్పురా" అనేవారు. తప్పు చెబితే పానా వచ్చి వేళ్ల కణుపుల మీద పడేది. నా చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. "చెవి మోసం జేస్తది, చెయ్యి చెయ్యది" అనేవారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ దెబ్బల్లోంచి వచ్చిందే. ఆ సంగతి దాచను.

ఆయన ప్రాణమంతా ఒక పాత అమెరికా కారు మీద ఉండేది. భద్రాచలంలో ఒకప్పటి కలప కాంట్రాక్టరు కుటుంబానిది. ఆ మోడల్‌ను కంపెనీ రెండు రకాల ఇంజిన్లతో అమ్మిందట, ఆరు సిలిండర్లది ఒకటి, ఎనిమిదిది ఒకటి. వీళ్లది ఎనిమిది. పెట్రోలు నీళ్లలా తాగేది. దొరకని సామాను లేత్ మీద చేయించి మరీ ఆయన దాన్ని ముప్ఫై ఏళ్లు నడిపించారు. అందులో జీపు డీజిల్ ఇంజిన్ పెట్టేస్తే పోలేదా అని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవారు. "ఎనిమిది పోతే ఆరు పెట్టుండ్రి, అది దానికి తోడబుట్టిందే. డీజిల్ పెడితే పిల్లకు సవతితల్లిని తెచ్చినట్టే."

మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది, కుడిచెయ్యితోపాటు రాతా పోయింది. సుత్తి చప్పుళ్లకు చెవులు అంతకుముందే పోయాయి. కల్లూరులో ఇంట్లో మంచాన పడ్డారు, షెడ్డు నా చేతికొచ్చింది. ఆ ఏడాదే ఆ కారు ఇంజిన్ బ్లాక్ పగిలింది. "ఇంట్ల పెండ్లి ఉంది. ఏదో ఒకటి పెట్టి నడిపియ్" అన్నాడు ఓనరు. ఆరు సిలిండర్లది హైదరాబాద్‌లో ఒకటుందని నాకు తెలుసు. తేవడానికి రెండు నెలలు పడుతుంది. నాలుగు సిలిండర్ల జీపు డీజిల్ ఇంజిన్ షెడ్డు మూలనే ఉంది. దాన్నే కారులో బిగించాను. పాతదాన్ని తుక్కు ఆటోలో పట్టేలా సమ్మెటతో నా చేత్తోనే ముక్కలు కొట్టాను.

తర్వాత కల్లూరు వెళ్లి, "బాగుచేసిన. ఎనిమిదీ కొడుతున్నయ్" అని కాగితం మీద రాసి ఆయనకు చూపించాను. ఎడమచేత్తో నా భుజం తట్టారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

పోయిన నెలలో అన్నం మానేశారు. గోడ మీది కారు ఫొటోకేసి చెయ్యి చూపించడమే పని. "ఒక్కసారి ఆ బండి తేరాదు బిడ్డా, చూసుకొని పోతడు" అని అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. ఓనరును అడిగి కారు కల్లూరు తీసుకెళ్లాను. చెవులు లేవు కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇంత సిగ్గుమాలిన ధైర్యం నేనెప్పుడూ చెయ్యలేదు.

ఆయన్ని కుర్చీలో వాకిట్లోకి తెచ్చారు. చుట్టాలంతా చేరారు. బానెట్ తెరవకుండానే స్టార్ట్ చేశాను. ఆయన ఎడమ అరచెయ్యి బానెట్ మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు.

కళ్లు తెరిచి, నా మొహంలోకి చూస్తూ, బొటనవేలు మడిచి నాలుగు వేళ్లు చూపించారు.

"ఏమంటుండు బిడ్డా?" అంది అమ్మ.

"మంచిగ నడుస్తుందంటుండమ్మా."

నేనేం చెప్పానో ఆయనకు వినపడలేదు. అందరూ నవ్వుతున్నారు. ఆయన ఆ నాలుగు వేళ్లూ ఒక్కొక్కరివైపూ తిప్పి చూపించారు. అమ్మకు, కొడుక్కు, కోడలికి. ప్రతి ఒక్కరూ అవ్ అవ్ అని తలూపారు. కాసేపటికి చెయ్యి దించేసి, ఇక ఎవరివైపూ చూడలేదు. నాలుగో రోజు పోయారు.

నిన్న దినం భోజనాలు. అమ్మకు చదువు రాదు కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. "ఆయన పానం నిమ్మలంగ పోయిందంటే ఈ పిలగాని పుణ్యమే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నా తల నిమిరి, విస్తట్లో ఇంకో రెండు ముక్కలు తన చేత్తోనే వేసింది.

"తిను బిడ్డా, మొహమాటపడకు" అంది.

తిన్నాను.