జ్ఞానప్రకాశం గారి లెక్కలో ఏదీ పోదు

జ్ఞానప్రకాశం గారి లెక్క ప్రకారం ఈ లోకంలో ఏదీ పోదు. కాసేపు కనబడదు, అంతే. కరెంటు పోయిందని ఎవరైనా అంటే చాలు, ఆయన కుడిచెయ్యి పైకి లేస్తుంది. "ఆగండి. పోలేదు, కోలుకుంటోంది" అంటారు. ఆ చెయ్యి దిగేదాకా రాజమండ్రి గట్టు మీద ఉన్న ఆ మేడమీది ఆఫీసులో ఎవరూ కుర్చీ కదపకూడదు.

ఆ ఆఫీసులో అందరికంటే చిన్నది నాగదుర్గ. కంప్యూటరుకీ, దానికి తగిలించే కార్డులకీ మధ్య మాట కుదిర్చే ప్రోగ్రాముల్ని డ్రైవర్లంటారు. వాటిని రాయడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. మండుతూనే కిటికీలోంచి చూసేది. ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దంలో గోదావరి ఇంకాస్త దగ్గరికి జరిగినట్టుండేది. పడవలు కదిలీ కదలనట్టు వెళ్ళేవి. ఎక్కడో రైలు బ్రిడ్జి ఎక్కిన చప్పుడు సన్నగా వినబడేది. తనకి తెలియకుండానే కునుకు పట్టేది. కళ్ళు తెరిచేసరికి కరెంటు వచ్చి ఉండేది, ఆయన చెయ్యి దిగి ఉండేది.

"చెప్పానా" అనేవారు ఆయన, కరెంటు తానే తెచ్చినట్టు.

ఆయన కాపురం నిడదవోలులో. ఒకరోజు బస్టాండుకి చేరేసరికి నిడదవోలు బస్సు కళ్ళముందే గేటు దాటిపోయింది.

"పోయిందండి బస్సు" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

"పోలేదండి. ఆగండి, వస్తుంది."

గంటకి బస్సు వచ్చింది. అది తర్వాతి బస్సని డ్రైవరు, కండక్టరు, కంట్రోలరు ముగ్గురూ చెప్పి చూశారు. ఆయన ఒప్పుకోలేదు.

అన్నిటికంటే పేరు తెచ్చిపెట్టింది దీనమ్మ గారి సంగతి. వాళ్ళ వీధిలో ఆ ముసలావిడ పోయారని చుట్టాలు దండలతో దిగారు. సంఘం పెద్దలు పెట్టె తెప్పించారు. జ్ఞానప్రకాశం గారు వెళ్ళి చెయ్యెత్తారు. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపుకుని పది నిమిషాలు కూర్చున్నారు. పదకొండో నిమిషంలో దీనమ్మ గారు కాఫీ అడిగారు. అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరు పోయినా పాస్టరు గారికంటే ముందు ఈయనకే కబురు. "మా ఆయన చెయ్యి దిగితేగానీ ఎవర్నీ పోనివ్వరండి" అంటారు ఆయన భార్య రూతమ్మ గారు, నవ్వాలో వద్దో తెలియనట్టు.

ఇదంతా ఆయనకి ఉద్యోగం అంటించిన గుణమేనని అందరూ అనుకునేవారు. కంప్యూటరులో కార్డు ఏదైనా తప్పు చేస్తే దాన్ని ఆర్పి మళ్ళీ లేపే వైద్యుడు ఒకడుంటాడు. ఎర్రర్ రికవరీ అంటారు. కార్డు ఊడితే పేరు కొట్టేసే గుమస్తా ఇంకొకడు. వాడు హాట్‌ప్లగ్. వైద్యుడు కార్డుని ఆర్పగానే గుమస్తా "అయ్యో, పోయింది" అని పేరు కొట్టేసి చోటు ఖాళీ చేసేస్తాడు. తీరా వైద్యుడు లేపుకొచ్చేసరికి దానికి ఇల్లుండదు. అందుకని "లోపల వైద్యం జరుగుతోంది, కాస్త ఆగు" అని గుమస్తాకి చెప్పే నాలుగు వరసలు రాయాలి. జ్ఞానప్రకాశం గారు ఇరవయ్యేళ్ళుగా ఆ నాలుగు వరసలే రాస్తున్నారు.

నాగదుర్గ ఆ నాలుగు వరసలు తీసేసింది. పెద్ద కస్టమరు వచ్చి చూసే రోజు ఎదురుగా ఉంది. ఇలా ఆగడం లేకపోతే పని రెండు సెకండ్లు ముందే తెముల్తుందని ఆమె లెక్క. సార్‌కి చెప్పలేదు.

ఆ రోజు కస్టమర్ల ముందు పరీక్ష కోసం కావాలనే కార్డుకి తప్పు తెప్పించారు. వైద్యుడు ఆర్పాడు, గుమస్తా పేరు కొట్టేశాడు, లేని కార్డుని లేపబోయి మెషీను మొత్తం బిగుసుకుపోయింది. మేనేజరు ప్రసన్నకుమార్ మొహం తెల్లబోయింది. జ్ఞానప్రకాశం గారు మాత్రం చెయ్యెత్తి నిలబడ్డారు. ఈసారి ఎంతసేపున్నా ఏదీ రాలేదు.

నాగదుర్గ సంచీ తీసుకుని ఆత్రేయపురం అవతల ఏటి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఫోను ఆపేసింది. పన్నెండు రోజులు నాన్న చిట్టియ్య పడవలో ఒక మూల కూర్చుంది. పొద్దున్నే మంచులో నీళ్ళూ ఆకాశమూ ఒకటే అయిపోయి, పడవ ఎక్కడ తేలుతోందో తెలిసేది కాదు. అలాగే ఉండిపోతే బాగుండుననిపించేది.

పన్నెండో రోజు చిట్టియ్య తెడ్డు ఆపాడు. "నువ్వెక్కి కూర్చున్న కాడ్నించీ పడవ బరువెక్కింది గానీ, చేప ఎక్కలేదమ్మా. ఎల్లి, మెళ్ళో ఏసుకునే ఆళ్ళ కార్డు ఆళ్ళకిచ్చేసి రా."

బస్సులో ఫోను తెరిచింది. ప్రసన్నకుమార్ నుంచి ఏడు మెసేజీలున్నాయి. ఈ రోజు మధ్యాహ్నంలోగా రాకపోతే పేరు తీసేస్తున్నామని ఆఖరిది. సార్ నుంచి ఒక్కటీ లేదు. తిట్టడానికైనా పనికిరానిదాన్నయ్యానా అనుకుంటూ ఏడు మెసేజీలూ మళ్ళీ మొదటినుంచి చూసింది.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి తన కంప్యూటరు వెలుగుతోంది. కుర్చీ మీద సార్ దస్తూరీతో కాగితం అంటించి ఉంది: 'రికవరీ జరుగుతోంది. తీయరాదు.'

"నీ చోట్లో కూర్చోబెట్టడానికి కొత్తాయన్ని తెచ్చారే" అని చెవిలో చెప్పింది పక్క సీటు హారతి. "సార్ చెయ్యి దింపలేదు. పాపం ఆ కొత్తాయన వాటర్ క్యాన్ పక్కన స్టూలు మీదే డ్యూటీ చేస్తున్నాడు."

నాగదుర్గ మెడలోంచి ఐడీ కార్డు తీసి జ్ఞానప్రకాశం గారి బల్ల మీద పెట్టింది.

"తప్పు ఎక్కడుందో మీకు తెలుసు కదండీ. అయిదు నిమిషాల పని."

"మూడు" అన్నారాయన.

"మరి సరిచెయ్యలేదేంటండి? కస్టమర్లు రోజూ ఫోన్ చేస్తున్నారంట."

"చేస్తున్నారు. రాసిన ఇంజనీరు ఉంది, ఆగండని చెప్తున్నాను. నేనే చేసేస్తే నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా?"

"ఒక్క ఫోనన్నా చెయ్యలేదు మీరు."

"రీసెట్ అవుతున్నప్పుడు ఊరికే కదపకూడదు, మళ్ళీ మొదటికొస్తుంది. చోటు ఖాళీగా ఉంచాలి, అంతే." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నీ వయసులో నాకూ ఇలాగే అయింది. నాకు నలభై రోజులు పట్టింది. తిరిగెళ్ళేసరికి నా కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు."

నాగదుర్గ బల్ల మీది కార్డు వైపు చూసింది.

"మంచోడేలే. ఎజ్రా అని. ఇప్పటికీ క్రిస్మస్‌కి కేకు పంపుతాడు."

నాగదుర్గ కార్డు తీసి మెడలో వేసుకుంది. కుర్చీ మీది కాగితం చిరగకుండా ఊడదీసి, కూర్చుని ఆ నాలుగు వరసలు రాసింది. సరిగ్గా మూడు నిమిషాలు పట్టింది.

పన్నెండు కొట్టగానే ప్రసన్నకుమార్ గదిలోంచి బయటికొచ్చి ఆమెని చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడొచ్చిందండి ఈ అమ్మాయి?"

"ఎక్కడికి వెళ్ళిందండీ, రావడానికి?" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

"మరి ఈ పన్నెండు రోజులకీ హాజరులో ఏం రాయమంటారు?"

"కోలుకుంటోందని రాయండి."

"అలాంటి గడి అందులో లేదండి."

"లేకపోతే పెట్టించండి. మీకూ ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది."

ప్రసన్నకుమార్ అదీ నిజమేననుకున్నాడేమో, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.