కోడు మూడును ఒప్పుకోని మా మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు ఆఫీసు గ్రూపులో తెలిసింది. పలాస బస్టాండులో టీ తాగుతూ ఫోను తీస్తే, ‘విశ్రాంత సర్వే అధికారిణి గుండెపోటుతో హఠాన్మరణం, ప్రగాఢ సానుభూతి’ అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ వెంటనే, ట్యాబుల్లో కొత్త యాప్ వేసుకోని సిబ్బంది సాయంత్రంలోగా వేసుకోవాలని ఇంకో సందేశం. దాని కిందా దండాల బొమ్మలే. ఏ దండం దేనికో తెలియలేదు. ఏడుపు రావలసిన చోట నాకు చిరాకొచ్చింది. ఆవిడకైనా అదే వచ్చేది.

ఆవిడది టెక్కలి. ప్రభుత్వ ఆర్థిక సర్వేల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి, మూడేళ్ళ కిందట రిటైరయ్యారు. మా పని చెప్పడానికి తేలిక. పైనుంచి వచ్చిన ప్రశ్నల కాగితం పట్టుకుని ఊళ్ళకీ, జీడిపప్పు ఫ్యాక్టరీలకీ వెళ్ళి, ఎవరు ఎంత పని చేస్తున్నారు, ఏ నీళ్ళు తాగుతున్నారు, ఏ నిబంధన అమలవుతోంది అని అడిగి రాసుకురావాలి. వాటిని బట్టి పెద్దలు రిపోర్టులు రాస్తారు. రిపోర్టులను బట్టి ప్రభుత్వం విధానాలు చేస్తుందంటారు. చేస్తుందో లేదో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

ఆవిడ కింద ఎనిమిదేళ్ళు పనిచేశాను. నిజం చెప్పాలంటే ప్రాణం తోడేసేవారు. మేమందరం రోజుకు పది ఇళ్ళు పూర్తి చేస్తే ఆవిడ నాలుగు దాటేవారు కాదు. ‘కొళాయి ఉందా?’ అన్న ప్రశ్నకు ‘ఉంది’ అని టిక్కు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. “కొళాయి ఉందా అని గాదు బాబూ, నీల్లొత్తన్నాయా అని సూడు. తిప్పు.” తిప్పితే ఒక్కోసారి గాలి వచ్చేది, ఒక్కోసారి అదీ వచ్చేది కాదు. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందని మేనేజరు గర్వంగా చూపించాడు. తాళం వేసి ఉంది. ఈవిడ తాళంచెవి అడిగారు. అది ఎవరి దగ్గరుందో వెతకడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆవిడ ఆ తలుపు ముందే నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగి తాగేవారు. మేం తిరిగే ఈ ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బులకు నీళ్ళే కారణమా, ఇంకేమైనా ఉందా అని ఇప్పటికీ వాదనలే నడుస్తున్నాయి. నేను సీసా తెచ్చుకునేవాణ్ణి, ఆవిడకూ ఇవ్వబోయేవాణ్ణి. “ఆల్లు పుట్టిన కాణ్ణుంచి తాగుతన్నారు. నాకు ఒక్క గలాసుకి ఏటయిపోద్ది?” అనేవారు. ఆ గ్లాసు ఖాళీ అయ్యాకే ఫారం తెరిచేవారు.

ఆ ఫారాల భాష గురించి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. ‘మీ గృహసభ్యుల శ్రమ ఉత్పాదకతను మీరు ఏ స్థాయిలో పరిగణిస్తారు?’ అని ఒక ప్రశ్న. అక్కుపల్లి వైపు ఒక ఇంట్లో దీన్ని నేను ఉన్నదున్నట్టు చదివితే, జీడిగింజలు కొట్టే ఆవిడ అయోమయంగా చూసింది.

“ఏటమ్మా అది?” అని మేడమ్‌ని అడిగింది.

“రోజుకి నువ్వెంత పని సేత్తావని, అంతే.”

“సేసిన పనా, కూలిచ్చిన పనా?”

మేడమ్ ఆ మాటను రిమార్కుల గడిలో రాసుకున్నారు. రిమార్కుల గడిలో ఆవిడ రాసినంత ఎవరూ రాయరు. చోటు చాలకపోతే కాగితం అంటించేవారు. ఆ తరవాత ట్యాబులొచ్చాయి. వాటిలో రిమార్కుల గడే లేదు. వారం రోజులు ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదావిడ.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆవిడ రిటైరవడానికి ఏడాది ముందు జీడిపప్పు కూలీల మీద సర్వే వచ్చింది. పనికి వెళ్ళని రోజులకు కారణం రాయాలి. కోడు ఒకటి, పని దొరకలేదు. రెండు, తన అనారోగ్యం. మూడు, వెళ్ళడం ఇష్టం లేక. నాలుగు, ఇతర కారణాలు; అది కొడితే వివరం రాయాలి, పై ఆఫీసరుకు సంజాయిషీ చెప్పాలి. మే నెల ఎండ. పూండి దగ్గర ఒక ఊళ్ళో చాలా ఇళ్ళకు తాళాలు. పక్కింటివాళ్ళను అడిగితే, “అదా, సరీగా పనికెల్దు బాబూ” అన్నారు. నేను వరసగా మూడు కొట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాను.

కొన్నాళ్ళకు విశాఖపట్నంలో సమావేశం. ఏసీ గది, తెర మీద బొమ్మలు. ఉద్దానం కూలీలకు పని మీద ఆసక్తి తక్కువనీ, ఉత్పాదకత తగ్గడానికి అదే కారణమనీ ఒక ఆఫీసరు చదివారు. మేడమ్ లేచి నిలబడ్డారు.

“ఆసక్తి లేదని మీకెవరు చెప్పారండీ?”

“మీ డేటాయే మేడమ్. కోడు మూడు చూడండి.”

ఆవిడ నా వైపు తిరగలేదు. “అయితే ఆ తప్పు నాదే. మళ్ళీ అడిగొస్తాను,” అన్నారు.

“గడువు అయిపోయిందండీ.”

“గడువు మీకండీ. ఆళ్ళకి కాదు.”

నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. తిరుగు రైల్లో నౌపడాలో దిగేముందు ఆవిడ, “ఆ మూళ్ళు నీయే కదా?” అన్నారు. అవునన్నాను. “ఆదివారం ఆరింటికి పూండి టేసను కాడుండు. బండి తే.”

వెళ్ళాను. తిట్టుకుంటూనే వెళ్ళాను. మొదటి ఇంట్లో మనిషి పొయ్యి దగ్గరుంది. ఆమె భర్త అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. మేడమ్ నీళ్ళు తాగి అడిగారు.

“పనికి రోజూ ఎల్లట్లేదటగదమ్మా, ఎందుకూ?”

“ఎలాగెల్తానమ్మా? వారానికి రెండు రోజులు ఈయన్ని డయాలిసీసుకి పలాస తీసుకెల్తాను. మిగిలిన రోజులు టేంకరు. అదెప్పుడొత్తాదో ఎవులికీ తెల్దు. నాను ఫేక్టరీకెల్పోతే నీల్లెవులు పడతారు? ఈయన బిందెత్తలేడు. నీల్లు పట్టి ఎల్తే ఆడ గేటేసేత్తారు.” పొయ్యిలో పుల్ల ఎగదోసి అడిగింది. “పనంటే నాకిట్టం లేదని ఎవులన్నారమ్మా?”

“ఎవరో పొరపాటున రాశారు లేమ్మా,” అన్నారు మేడమ్.

“నేనేనమ్మా,” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు. “నువ్వా బాబూ? మరి ఇంకోపాలి రాకపోయేవా? సెప్పుదును గదా!”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంత మర్యాదగా ఎవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

నాలుగు ఆదివారాలు తిరిగాం. నేను మూడు కొట్టిన ఏ ఇంట్లోనూ పనంటే ఇష్టం లేని మనిషి దొరకలేదు. చాలా ఇళ్ళలో జబ్బు మనిషో, టేంకరో, రెండూనో. “నీళ్ళకో శాఖ, కూలీకో శాఖ, జబ్బుకో శాఖ. మూడింటికీ పరిగెట్టే ఆడమనిషి ఒక్కర్తే,” అన్నారు మేడమ్. అదంతా చేత్తో రాసి పైకి పంపారు. జవాబు లేదు. మళ్ళీ పంపారు. ఫోన్లు చేశారు. చివరకు రిపోర్టు అచ్చయింది. ఆసక్తి లేదన్న వాక్యం తీసేశారు. కింద సన్నని అక్షరాల్లో, నీటి సేకరణ వల్ల కొన్ని కుటుంబాలలో హాజరు తగ్గుతున్నట్టు క్షేత్ర సిబ్బంది తెలిపారని వేశారు. గెలిచామనుకుని చూపించబోయాను. “తెలిపారంట! మనం తెలపడమేటి? ఆళ్ళు సెప్పారు!” అని ఆ కాగితం నా మీదకే విసిరారు.

ఆ ఊరి టేంకరు సంగతి మాత్రం వదల్లేదు. నీళ్ళ ఆఫీసుకు తిరిగి తిరిగి, వాళ్ళు ఈవిడను చూస్తే లేచి వెళ్ళిపోయే దాకా తెచ్చి, తెల్లారి ఆరింటికే బండి వచ్చేలా చేయించారు. ఒక్క ఊరికే. పక్క ఊరికి ఇవాళ్టికీ ఎప్పుడొస్తుందో తెలియదు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలా మండడం నేర్పింది ఆవిడే. అందుకు రుణపడి ఉంటాను.

నేను వెళ్ళేసరికి టెక్కలిలో మేడమ్ ఇంటి ముందు పెద్దగా జనం లేరు. ఆఫీసు తరపున ఒక దండ వచ్చింది. పదకొండు గంటల వేళ ఒక ఆటో ఆగింది. అయిదారుగురు ఆడవాళ్ళు దిగారు. మేడమ్ తమ్ముడు ఎదురెళ్ళి అడిగారు, “మీరేమవుతారమ్మా ఆవిడకి?”

ముందున్నావిడ చెప్పింది. “ఏటీ అవమండి. ఆవిడ మా ఇంట్లో కూకుని, మేం సెప్పిందంతా విన్నాదండి.”

లోపలికి వెళ్ళి కాళ్ళ దగ్గర వంగింది. జీడి రసానికి ఆమె వేళ్ళ చివర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ చేతులను చీర చెంగుకు ఒకసారి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆ నలుపు తుడిస్తే పోయేది కాదని ఆమెకూ తెలుసు. అయినా మూడోసారి తుడుచుకుని, అప్పుడు పాదాలు ముట్టుకుంది.