పిడికిలికి కట్టిన కవరు

మా ఆయన పోయాక ఆయన ఆటో ఇంటి ముందర కదలకుండా నిలబడిపోయింది. దాన్ని కడిగి ఎవరికైనా కిరాయికిస్తే నా పొయ్యి వెలుగుతుందని ఆశ. తెలంగాణ కోసం రాస్తారోకోలు జరుగుతున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన బస్సు ఎల్‌బీ నగర్ చేరకముందే ఆగిపోయింది. పక్క సీట్లో ఉన్న పెద్దామెతో నా గోడు చెప్పుకున్నాను.

"ఇంజనంత జిడ్డే అక్కా. పైపు పెట్టి నీళ్లు కొడ్తె పోతదా?"

"అయ్యో, అలా కొట్టకండమ్మా! మా ఇంట్లోనూ ఆటో ఉండేది. చల్లారాక బ్యాటరీ తీగ ఊడదియ్యండి. తర్వాత గాలి పీల్చే గొట్టానికి..."

ఆమెది కోస్తా మాట. అంతలో జెండాలతో నలుగురు బస్సెక్కారు.

"ఆంధ్రోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని ఒకడు నవ్వుతూ అరిచాడు. ఆమె నోరు మూతపడింది.

"ఈమె మాట్లాడదేంది?"

"మా అక్కనే తమ్మీ. గొంతు పోయింది" అన్నాను.

వాళ్లు ముందుకు పోయారు. ఆమె మాట్లాడకుండానే అరటిపండ్ల కవరు ఖాళీ చేసి, గొట్టం మూతి ఇట్లా మూయాలన్నట్టు నా పిడికిలికి బిగించి కట్టింది. తన కొంగు తడిపి, నీళ్లు పోయొద్దు, ఇట్లా తుడవాలని నా ముంజేతి మీద రుద్ది చూపింది. బస్సు కదిలాక ఎల్‌బీ నగర్‌లో మూగదానిలాగే చెయ్యూపి దిగిపోయింది.

ఇంట్లో అట్లాగే చేశాను. ఇంజను తళతళలాడింది. కవరు విప్పి, తీగ తగిలించి తాళం తిప్పితే చిన్న చప్పుడైనా చెయ్యలేదు. ఎన్ని నెలలు నిలబడిందో, లోపలంతా చచ్చిపోయిందన్నాడు మెకానిక్.

పాతసామాన్లవాడు దాన్ని తోసుకుపోతుంటే ఏడవబోయాను. ఈసారి నిజంగానే నా గొంతు పోయింది.